ఉండప్పా, మావాణ్ని పిలుస్తా

2022 మార్చి 19 సాయంత్రం చిక్కబళ్లాపురంలో జనం పోటెత్తారు. ‘ఆర్‌ఆర్‌ఆర్’ విడుదలకు ముందు జరిపే వేడుక అక్కడ పెట్టారు. రాజమౌళి, ఎన్టీఆర్, రామ్‌చరణ్ వచ్చారు, అప్పటి ముఖ్యమంత్రి బసవరాజ బొమ్మై కూడా వచ్చారు. తెలుగు సినిమా పండగ కర్ణాటకలో జరగడం మా వాళ్లకేమీ వింతగా తోచలేదు. నంది కొండ నుంచి బాగేపల్లి దాకా, ఇటు చింతామణి దాకా, ఎన్నో ఇళ్లల్లో మాట తెలుగు, బళ్లో చదువు కన్నడం. ఆ రాత్రి నాకు గుర్తుండిపోయింది వేరే. వేదిక మీది మనుషుల కంటే ముందు, పైకెత్తిన చేతుల్లో వెలుగుతున్న చిన్న చిన్న తెరలే కంటికి ఆనాయి. భుజాలు రాసుకునేంత దగ్గరగా నిలబడి, ఎవరి ఫోనులో వాళ్లు చూస్తున్నారు.

ఫోను మన తీరిక వేళల్ని ఎలా మార్చిందన్నది ఒక చర్చ. ఫోను వల్ల డబ్బు ఎలా పోతోందన్నది ఇంకో చర్చ. మొదటిది ఆదివారం అనుబంధాల్లో వస్తుంది, రెండోది పోలీసుల ప్రకటనల్లో వస్తుంది. మా ప్రాంతంలో ఇన్నేళ్లుగా చూస్తున్నదాన్ని బట్టి ఈ రెండూ ఒకటే చర్చ అని నా నమ్మకం. తీరిక ఒంటరిదైంది, ఆ ఒంటరితనంలోంచే దొంగ లోపలికొచ్చాడు.

మాది మెట్ట నేల. నదులు నాలుగైదు నంది కొండల్లోనే పుడతాయి, అర్కావతి, పెన్న, పాలారు, చిత్రావతి. పుట్టిన చోట మాత్రం బోరు వెయ్యి అడుగులు దాటినా నీళ్లకు పూచీ లేదు. రాగి, వేరుశనగ ఇంటికొచ్చాక పల్లెకు తీరిక దొరికేది. హార్మోనియం మాస్టరును పిలిపించుకొని నెలల తరబడి పౌరాణిక నాటకం నేర్చుకునేవారు. దుర్యోధనుడి వేషం కట్టే ఆయన పగలు మడక దున్నేవాడు. కైవార తాతయ్య తత్వాలు భజన గుళ్లో పాడేవారు. గాజులమ్ముకొని బతికిన ఆ యోగి తెలుగులోనూ కన్నడంలోనూ పాడాడు కాబట్టి మాకు రెండూ సొంతమే. శివరాత్రికి నందిలో భోగనందీశ్వరుడి తేరు. ఆ పైన టెంటు సినిమా, నేల టికెట్టు. ఇవన్నీ గొప్పవని చెప్పడానికి తలుచుకోవడం లేదు. ఆ తీరికలో కులం గీతలు గట్టిగా ఉండేవి, ఆడవాళ్లు వెనక వరసలో ఉండేవారు. కానీ ఆ తీరికంతా నలుగురి మధ్య గడిచేది. ఊళ్లోకి కొత్త మనిషి వచ్చి ‘గుప్తనిధి ఉంది, ఇంత డబ్బు కట్టు’ అంటే ఆ మాట చీకటి పడేసరికి రచ్చబండకు చేరేది. అక్కడ ఎవరో ఒకరు, ‘వీడు పోయినేడు గుడిబండలో కూడా ఇదే చెప్పినాడే’ అనేవాడు.

2016 సెప్టెంబరులో జియో వచ్చింది, నవంబరు 8న పెద్ద నోట్ల రద్దు. ఆ ఏడే ఏప్రిల్‌లో యూపీఐ మొదలైంది. మూడూ ఒకే ఏడాదిలో కలిసిరావడం మా బతుకుల్ని ఎంత మార్చిందో శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్‌లో నిలబడితే తెలుస్తుంది. ఒకప్పుడు రైతు గూళ్లు వేలంలో అమ్మి, నోట్ల కట్ట పంచె మడతలో దోపుకొని బస్సెక్కేవాడు. దారి పొడుగునా చెయ్యి నడుము మీదే. ఇప్పుడు వేలం ఆన్‌లైన్‌లో, డబ్బు ఖాతాలో, కబురు మెసేజ్‌లో. జేబుదొంగ భయం పోయింది. చెయ్యి నడుము మీంచి ఫోను మీదికి వచ్చింది.

పట్టుపురుగు ఇంట్లో తీరికంటే ఏమిటో బయటివాళ్లకు చెప్పాలి. నాలుగో జ్వరం (కుబుసం విడవడం) లేచిన పురుగు వారం రోజులు ఆకు తప్ప ఇంకేమీ ఎరగదు. రాత్రి పూట కూడా మేపాలి. మేసేటప్పుడు గదిలో సన్నటి వాన కురిసినట్టు చప్పుడు. ఆ గదిలో ఆకు పరిచే ఆడమనిషికి తోడు, మేకుకు తగిలించిన ఫోనులోంచి వచ్చే పాట, రీలు, సీరియలు. ‘ఎప్పుడు చూసినా ఫోనేనా’ అని ఆమెను తిట్టేవాళ్లతో నేను ఏకీభవించలేను. తరతరాలుగా తనకంటూ కాసేపు కూడా లేని మనిషికి, అడగకుండా దొరికిన మొదటి వినోదం అది. 2023 జూన్ 11న శక్తి పథకం వచ్చాక ఆమె టికెట్టు లేకుండా బస్సెక్కి కైవారం పోయొచ్చింది. ఆ ఆగస్టు నుంచి గృహలక్ష్మి కింద నెలకు 2000 రూపాయలు ఆమె పేరు మీద పడుతున్నాయి. పహణి కావాలన్నా, రేషన్ కావాలన్నా, స్కందగిరి ఎక్కడానికి టికెట్టు కావాలన్నా ఆన్‌లైనే. బాగేపల్లి టోల్ దగ్గర ఫాస్టాగ్ లేకపోతే బండికి ఎక్కువ వదులుతుంది. ఫోను మానేయమనడం అందుకే పనికిమాలిన సలహా. అది ఆమె బ్యాంకు, కచేరీ, టెంటు సినిమా.

కష్టమంతా ఆ మూడూ ఒకే గాజు పలక మీద ఉండడంలో ఉంది. పాట కోసం జరిపే వేలే డబ్బు కూడా జరుపుతుంది. వేలికి ఆ రెంటికీ తేడా తెలియదు.

దొంగతనాల తీరుకు వస్తాను. అన్నిటికీ సమానంగా చోటివ్వను, ఎందుకంటే కొన్ని అప్పుడే పాతబడిపోయాయి. ‘మీకు డబ్బు పంపుతున్నా, పిన్ కొట్టండి’ అంటూ యూపీఐలో డబ్బు అడిగే రిక్వెస్టు పంపే పద్ధతిని వ్యక్తుల మధ్య 2025 అక్టోబరు 1 నుంచి, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఆపేసింది. దొంగ సొమ్ముకు ఒక దారి మూసుకుపోయింది, ఆ నిర్ణయం ఇంకా ముందే రావాల్సింది. డబ్బు కట్టినట్టు దొంగ స్క్రీన్‌షాట్ చూపించి టీ తాగి పోయేవాళ్లకు అంగట్లో మాట్లాడే సౌండ్ బాక్స్ చాలావరకు అడ్డు పడింది.

పెళ్లి పత్రిక మోసం మాత్రం మా పల్లెలకు సరిగ్గా అతికింది. వాట్సాప్‌లో పెళ్లి పత్రిక వస్తుంది. పంపిన నంబరు తెలిసినవాళ్లదే అయి ఉంటుంది, ఎందుకంటే వాళ్ల ఫోను అప్పటికే దొంగ చేతిలో పడింది. పేరు చివర ఏపీకే అని మూడక్షరాలు. నొక్కితే ఒక యాప్ దిగి, మెసేజ్‌లు చదవడానికి అనుమతి అడుగుతుంది. సరేనంటే, ఆ తరవాత బ్యాంకు పంపే ప్రతి ఓటీపీ మనకంటే ముందు దొంగ చదువుతాడు. పీఎం కిసాన్ పేరుతో, ట్రాఫిక్ చలానా పేరుతో కూడా ఇదే ఏపీకే తిరుగుతోంది. మేనమామ కూతురి పెళ్లి పత్రిక తెరవకుండా ఉండేవాడు మా ఊళ్లో ఎవడున్నాడు? నలుగురూ కూర్చొని చూసుకునే పత్రిక ఒక్కడి అరచేతిలోకి రాబట్టి ఈ మోసం సాగుతోంది. పత్రిక పళ్లెంలో పెట్టి, కుంకుమ బొట్టుతో ఇచ్చే ఆచారం ఎంత పకడ్బందీదో ఇప్పుడు తెలుస్తోంది. ఇచ్చే మనిషి ముఖం మనకు కనపడేది.

వేలిముద్ర సంగతి ఇంకా బాధ పెడుతుంది. 2008 మే నెలలో దేవనహళ్లి విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి మా వైపు నేల ధర ఎక్కుతూనే ఉంది, అమ్మకాలూ రిజిస్ట్రేషన్లూ సాగుతూనే ఉన్నాయి. అమ్మకపు పత్రంలో ఆధార్ నంబరు ఉంటుంది, వేలిముద్ర ఉంటుంది. ఆధార్ ద్వారా డబ్బు తీసే చిన్న మిషనుకు కావాల్సింది ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర, అంతే. ఓటీపీ అడగదు. 2023లో కర్ణాటకలో ఇలా ఖాతాల్లోంచి డబ్బు పోయిన ఫిర్యాదులు వరసగా వచ్చాయి. రిజిస్ట్రేషన్ శాఖ కావేరి వెబ్‌సైట్ నుంచి తీసిన పత్రాల మీది ముద్రల్ని దొంగలు నకలు చేశారని పోలీసులు బయటపెట్టారు. ఆ తరవాతే పత్రాల ప్రతుల్లో ముద్రలు కనపడకుండా కప్పే ఏర్పాటు జరిగింది. మల్బరీ ఆకు కోసి కోసి వేలి గీతలు అరిగిపోయిన ముసలమ్మకు రేషన్ అంగట్లో ముద్ర పడదు, మూడుసార్లు తుడుచుకొని పెట్టాలి. ఆమె ముద్ర నకలు మాత్రం ఎక్కడో ఊరు పేరు తెలియని మిషను మీద ఒక్కసారికే పడుతుంది. ఆధార్‌లో వేలిముద్రకు తాళం వేసుకునే సదుపాయం ఉంది, అందరూ వేసుకోవాలి. అయితే తాళం వేస్తే రేషన్‌కి కూడా ముద్ర పనిచెయ్యదు, ప్రతి నెలా తాళం తీయాలి. ఆ పని ఆమెకు ఎవరు చేసిపెట్టాలో ఏ ప్రకటనలోనూ ఉండదు.

తీరిక నేరుగా అప్పుగా మారే దారి కూడా ఉంది. ఐపీఎల్ రోజుల్లో చింతామణి టమాటా మండీలో హమాలీ కుర్రాళ్ల దగ్గర కూర్చుంటే యాప్‌లో కట్టే జట్టులో ఎవరెవరిని పెట్టాలన్నదే మాట. ఆ జట్టు మీద డబ్బు, పోయిన డబ్బు పూడ్చడానికి లోన్ యాప్, ఆ యాప్ కాంటాక్టులన్నీ లాక్కొని అక్కాచెల్లెళ్లకు పంపే బూతు బొమ్మలు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని కర్ణాటక 2021లో నిషేధించింది, 2022 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేసింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదంతో దేశమంతటికీ నిషేధ చట్టం వచ్చింది. పేరున్న యాప్‌లు డబ్బు ఆటలు ఆపేశాయి. పేరులేనివి టెలిగ్రామ్ గుంపుల్లోకి జారుకున్నాయి. చట్టం మంచిదే, కుర్రాడి సాయంత్రం మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది. ఆ ఖాళీని ఏం నింపాలో చట్టం చెప్పలేదు, ఊరూ చెప్పలేదు.

పోలీసునంటూ వీడియో కాల్‌లో బెదిరించి, మనిషిని గదిలోనే కట్టిపడేసి డబ్బు లాగే డిజిటల్ అరెస్టు దగ్గర నా మాట అసలు చోటికి చేరుతుంది. అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు. 2024 అక్టోబరు 27న ప్రధాని ‘మన్ కీ బాత్’లో చెప్పారు, 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది, డిసెంబరు 1న సీబీఐకి అప్పగించింది. అయినా జనం పడుతూనే ఉన్నారు. చదువు లేకే పడుతున్నారనే వాదన నిలవదు. 2024 చివర్లో బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ఈ మోసంలో 11.8 కోట్లు పోగొట్టుకున్నాడు. కంప్యూటరు గురించి ఆయనకు తెలియనిది మనం చెప్పేదేముంది?

మా పిన్ని ఏడో తరగతి దాటలేదు. చేలూరు దారిలో ఉంటుంది. ఒకరోజు పొద్దున పదకొండు గంటలకు ఆమెకు వీడియో కాల్ వచ్చింది. తెర మీద ఖాకీ చొక్కా, వెనక గోడకు ఏదో ముద్ర. హిందీలో గద్దిస్తున్నాడు. ఆధార్, పార్సెల్, ముంబై అన్న మూడు మాటలే ఆమెకు అర్థమయ్యాయి.

“ఎవురప్పా నువ్వు? నాకి హిందీ రాదు. ఉండప్పా, మావాణ్ని పిలుస్తా.”

ఆ ఒక్క మాటకు అవతలివాడు కంగారుపడ్డాడు. వద్దు వద్దని చెయ్యి ఊపాడు. పెదాల మీద వేలు పెట్టి, గది తలుపు వేసుకోమని సైగ చేశాడట. పిన్ని నాకు చెబుతూ ఆ సైగను చేసి చూపించింది. “తలుపేసుకొమ్మంటాడేమిరా? పోలీసోళ్లు వస్తే తలుపు తీయమంటారు గానీ!” ఫోను గూట్లో పెట్టి వీధిలోకి పోయి పక్కింటివాణ్ని కేకేసింది. తిరిగొచ్చేసరికి కాల్ లేదు.

ఆ ఇంజినీరుకూ మా పిన్నికీ తేడా ఆ తలుపే. డిజిటల్ అరెస్టు మొత్తం ఒక్క షరతు మీద నడుస్తుంది, ఇంకో మనిషికి చెప్పకూడదు. కెమెరా ఆపకూడదు, గది దాటకూడదు, భార్యకు చెప్పకూడదు. నగరపు ఫ్లాట్‌లో ఆ షరతు రోజులకొద్దీ నిలుస్తుంది. మా పిన్ని ఇంట్లో పదకొండు గంటలప్పుడు పాలకోసం ఒకరు, మజ్జిగకోసం ఇంకొకరు వస్తూనే ఉంటారు. ఆ రాకపోకలు కూడా ఏటేటా తగ్గుతున్నాయి, నా దిగులంతా అదే.

ఆమెను కాపాడిన రెండో సంగతి భాష. అది ఇక ఎన్నాళ్లో కాపాడదు. 2024 మే నెలలో కంబోడియాలోని జిన్‌బె అనే చోట భారతీయ యువకులు వందల మంది తిరగబడ్డారు. ఉద్యోగమని తీసుకుపోయి, గదుల్లో పెట్టి, సొంత దేశం వాళ్లకు ఫోన్లు చేయించి మోసం చేయిస్తున్నారని వాళ్ల మొర. అందులో ఎంతోమంది తెలుగువాళ్లు. విశాఖ పోలీసులు ఏజెంట్లను పట్టుకున్నారు, మన పిల్లల్ని వెనక్కి రప్పించారు. అంటే రేపు పిన్నికి వచ్చే కాల్ చక్కటి తెలుగులో, ‘పిన్నీ’ అనే వరసతో రావచ్చు. మాట్లాడే కుర్రాడి వెనక కర్ర పట్టుకొని ఇంకొకడు నిలబడి ఉండవచ్చు. ఇది తలుచుకుంటే మోసగాడి మీద కోపం కూడా సరిగ్గా నిలవదు.

హెచ్చరికల భాష గురించి ఇక్కడే చెప్పాలి. 2025 జూలై 2న నంది కొండ మీద రాష్ట్ర మంత్రివర్గం కూర్చొని బాగేపల్లికి భాగ్యనగర అని పేరు మార్చాలని నిర్ణయించింది. పల్లి అన్న తెలుగు తోక మీద చాలా మాటలు జరిగాయి. ఊరి పేరు ఏ భాషలో ఉండాలన్నదానికి ఉన్న పట్టుదలలో పదో వంతు, ఆ ఊరి ముసలివాళ్లకు హెచ్చరిక ఏ భాషలో అందుతోందన్నదానికి ఉంటే బాగుండేది. తెలుగులో అచ్చువేసి పంచినా సరిపోదు. మా వాళ్లు తెలుగు మాట్లాడతారు, చదివేది కన్నడం, ముందు తరంలో కొందరికి ఏ లిపీ రాదు. మాకు కావాల్సింది చెవికి అందే మాట. కాల్ కలిసేముందు నెలల తరబడి అమితాబ్ బచ్చన్ గొంతు జాగ్రత్తలు చెప్పింది. మా వీధిలో దాన్ని విన్నవాళ్ల కంటే, అయిపోయేదాకా ఫోనును చెవికి దూరంగా పట్టుకున్నవాళ్లే ఎక్కువ. అదే మాట భజన గుళ్లో హారతి అయ్యాక బ్యాంకు మిత్ర నిలబడి, మన యాసలో, ‘పోయిన వారం ఫలానా తరహా కాల్ వచ్చింది’ అని చెబితే చెవికెక్కుతుంది.

అంకెలు చిన్నవి కావు. 2024లో దేశంలో సైబర్ మోసగాళ్లకు పోయిన సొమ్ము 22,845 కోట్లని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. ముందు ఏడాది అది 7,465 కోట్లు. 2023లో సైబర్ కేసుల నమోదులో కర్ణాటక దేశంలో మొదటిది, 21,889. తెలంగాణ రెండోది, 18,236. ఎక్కువ నమోదు కావడంలో కొంత మంచి కూడా ఉంది, ఠాణా గడప ఎక్కేవాళ్లు ఉన్నారని అర్థం. దేశంలో మొదటి సైబర్ ఠాణా బెంగళూరులోనే 2001లో వచ్చింది. ఇప్పుడు జిల్లాకో సెన్ (సైబర్, ఆర్థిక, మాదకద్రవ్య నేరాల) ఠాణా ఉంది, చిక్కబళ్లాపురంలోనూ ఉంది. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేస్తే, అది చేతులు మారకముందే ఆపే అవకాశం ఉంటుంది. గంట దాటే కొద్దీ ఆ అవకాశం కరిగిపోతుంది. మన తప్పేమీ లేకుండా ఖాతాలోంచి పోయిందని మూడు పని దినాల్లోగా బ్యాంకుకు చెబితే నష్టం మన మీద పడకూడదని రిజర్వు బ్యాంకు 2017 జూలైలోనే చెప్పింది. పరువు పోతుందని నాలుగు రోజులు ఎవరికీ చెప్పుకోని మనిషి ఈ రెండు రక్షణల్నీ పోగొట్టుకుంటాడు. మోసపోయినవాణ్ని చూసి నవ్వే ఊరు దొంగకు సాయం చేస్తున్నట్టే.

ఎవరూ మాట్లాడని ఇంకో సంగతి ఉంది. పోయిన డబ్బు ఎవరి ఖాతాలోకో పోవాలి కదా. అది పెద్ద దొంగ ఖాతా కాదు. నెలకు నాలుగైదు వేలు వస్తుందని పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ము అప్పగించిన ఏ డిగ్రీ కుర్రాడిదో. ‘ఖాతా అద్దెకిస్తే తప్పేముంది, నేనేం దొంగతనం చేశానా’ అని నన్నే అడిగిన పిల్లవాడున్నాడు. పోలీసులు మొదట వచ్చేది అతని ఇంటికే. మా పిల్లలు మోసపోతారని భయపడే అమ్మానాన్నలు, పిల్లల ఖాతాలోకి డబ్బు ఎక్కడి నుంచి వస్తోందని కూడా అడగాలి.

బ్యాంకుల్ని నేను అడిగేది ఒకటుంది. అరవై దాటిన మనిషి ఎప్పుడూ పంపని ఖాతాకు పెద్ద మొత్తం పంపుతుంటే, తాను ముందే పేరిచ్చిన ఇంకో మనిషి ఫోనుకు కబురు పోయి, వాళ్లు సరే అన్నాకే డబ్బు కదలాలి. ఇష్టమైనవాళ్లకే ఆ ఏర్పాటు ఉండనీ. వేగం తగ్గుతుందంటారు. పట్టుగూళ్ల వేలంలో వేగం కావాలి, ముసలాయన జీవితమంతా కూడబెట్టింది గదిలోంచి వెళ్లిపోయేటప్పుడు అక్కర్లేదు.

మొన్న డిసెంబరులో పిన్ని ఇంటికి పోయాను. అనపకాయల కాలం. రాత్రంతా నానబెట్టిన గింజలు చాటలో పోసుకొని అయిదారుగురు ఆడవాళ్లు వసారాలో కూర్చొని పితుకుతున్నారు. రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కితే తోలు చేతిలో ఉంటుంది, పప్పు గిన్నెలోకి ఎగురుతుంది. పిన్ని ఫోను మోగింది. నానిన వేలు పెడితే తెర తెరుచుకోలేదు, కొంగుకు తుడిచి పెట్టినా తెరుచుకోలేదు. పక్కనున్నామె వంగి తెర వైపు చూసింది. “కొత్త నంబరక్కా, ఎత్తద్దు” అంది. ఇంకొకామె, “నాకి నిన్న ఇట్లాంటిదే వచ్చింది, కరెంటు బిల్లంట” అని మొదలుపెట్టింది. ఫోను మోగి మోగి ఆగిపోయింది. గింజలు ఇంకా సగం చాట ఉన్నాయి.